మీ ఈజీ రన్ ఈజీగా లేదు

(దూరపు పరుగులో వేగం పెంచుకోవడం గురించి ఇచ్చిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న పరీక్ష. ఈరోజు ఉదయం పరుగెత్తి వచ్చినవాళ్లు చేతులెత్తండి. బాగానే ఉన్నారు. దించకండి, అలాగే ఉంచండి. ఇప్పుడు, ఆ పరుగు మధ్యలో పక్కవాళ్లతో ఒక పెద్ద వాక్యం, రొప్పకుండా, ముక్కలు చేయకుండా చెప్పగలిగేవాళ్లే చెయ్యి ఉంచండి. మిగతావాళ్లు దించేయండి. చూశారా? మూడొంతులు దిగిపోయాయి. నేను చెప్పాల్సింది మీ చేతులే చెప్పేశాయి. ఎందుకు దిగాయి, దిగితే నష్టమేమిటి, ఇక మిగిలింది అదే.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్నారు పెద్దలు. మనందరం ఆ మాట వినకుండా పరుగుకి వచ్చినవాళ్లమే. ఫర్వాలేదు. పాలు కావాలనుకోవడం తప్పు కాదు. కాకపోతే పాల కోసం రోజూ ఒకేలా పరుగెత్తితే అవి దొరకవని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది.

ఇదిగో, నా పాత నోటుబుక్కు తెచ్చాను. ఒక పేజీ చదువుతాను. సోమవారం, 6 కిలోమీటర్లు, 34 నిమిషాలు. మంగళవారం, 6 కిలోమీటర్లు, 33 నిమిషాల 40 సెకన్లు. బుధవారం, 6 కిలోమీటర్లు, 34 నిమిషాల 10 సెకన్లు. పక్కన "కాళ్లు బరువు" అని రాసుకున్నాను. గురువారం, మళ్లీ 6, మళ్లీ 34. ఇలా మూడేళ్లు. ఏ పేజీ తిప్పినా ఇదే పాట. అంటే కిలోమీటరు 5 నిమిషాల 40 సెకన్ల దగ్గర. ఆ మూడేళ్లలో 10 కిలోమీటర్ల పోటీ టైమ్‌లు? 52 నిమిషాల 10 సెకన్లు. 51:50. 52:30. నేను బద్ధకస్తుడినా? కాదు. వర్షమొచ్చినా వెళ్లేవాణ్ణి. రోజూ కష్టపడ్డాను. ఆ కష్టపడటమే తప్పు అంటే అప్పట్లో నాకు కోపం వచ్చేది.

ఒక పెద్దాయన ఈ నోటుబుక్కు చూసి ఒక్కటే ప్రశ్న అడిగాడు: "బాబూ, ఇందులో నీ తేలిక రోజు ఏది, కష్టమైన రోజు ఏది?" నేను చెప్పలేకపోయాను. మీరు చెప్పగలరా, మీ ఫోన్లో ఉన్న లెక్క చూసి? ఇంటికెళ్లాక ఒకసారి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. దూరపు పరుగులో వేగం అంటే కాళ్ల వేగం కాదు. నమ్మబుద్ధి కాదు కదా? కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 2019 అక్టోబర్ 12న వియన్నాలో 42.195 కిలోమీటర్లు 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాడు. వేగం పట్టి ఇవ్వడానికి ముందు పరుగెత్తే పేసర్లు మారుతూ వచ్చారు, ఏర్పాట్లన్నీ ఆయన కోసమే చేశారు కాబట్టి అది అధికారిక రికార్డు కాదు, కానీ పరుగు పరుగే. లెక్క వేయండి: ప్రతి 100 మీటర్లకీ 17 సెకన్లు. 17 సెకన్లలో ఒక 100 మీటర్లు పరుగెత్తగల కుర్రాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఒకటి అయిపోతుంది. రెండోది? పదోది? నాలుగు వందల ఇరవై రెండోది? అదీ తేడా. కాళ్లకు ఆ వేగం తెలియక కాదు, ఆ వేగాన్ని పోషించే శక్తి లోపల లేక.

10 కిలోమీటర్ల పోటీలో మీరు ఖర్చు పెట్టే శక్తిలో 90 శాతం పైగా ఆక్సిజన్ వాడి తయారయ్యేదే. కాబట్టి మనం పెంచాల్సింది ప్రధానంగా ఆ వ్యవస్థనే. అందులో మూడు సంగతులున్నాయి. మొదటిది పైకప్పు: గుండె ఎంత రక్తం తోయగలదు, అందులోని ఆక్సిజన్‌ను కండరాలు ఎంత తీసుకోగలవు. దీన్నే వీఓటూ మాక్స్ అంటారు, మీ వాచీలు ఒక అంకె చూపిస్తుంటాయి. అది అంచనా మాత్రమే, దాన్ని చూసి మురవొద్దు, ఏడవొద్దు. రెండోది, ఆ పైకప్పుకు ఎంత దగ్గరగా ఎంతసేపు ఉండగలరు. అది థ్రెషోల్డ్. మూడోది, ఒకే వేగానికి మీ శరీరం ఎంత ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. ఒకే లీటరు పెట్రోలుకి ఒక బండి 40 వెళ్తుంది, ఇంకోటి 60 వెళ్తుంది, అలాగన్నమాట. పైకప్పు ఒకటే ఉన్న ఇద్దరిలో ఒకరు రెండు మూడు నిమిషాలు ముందొస్తారు. ఎందుకు? ఈ రెండో, మూడో సంగతుల వల్ల.

ఇందులో ఎక్కువ భాగం నెమ్మది పరుగులోనే తయారవుతుంది. కండరాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు కొత్తవి పుడతాయి, గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. "వేగంగా పరుగెత్తితే ఇవి పెరగవా సార్?" అని అడుగుతారు. పెరుగుతాయి. కానీ వేగంగా పరుగెత్తితే రేపు? ఎల్లుండి? నెమ్మది పరుగులో మాయేమీ లేదండీ. రేపు మళ్లీ చేయగలగడం, అంతే దాని గొప్ప. వారానికి ఐదు గంటలు, ఆరు గంటలు ఒళ్లు హూనం కాకుండా ఇంకెలా కూడబెడతారు?

న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవాడు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, ముందు నెలల తరబడి వారానికి 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, ఆ తర్వాత ఎత్తులు ఎక్కడం, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం అని ఒక వరస పెట్టాడు. తన శిష్యుల్లో 800 మీటర్ల రన్నర్‌తో కూడా ఆదివారం కొండదారుల్లో 35 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. రెండు నిమిషాల్లోపే అయిపోయే పోటీకి 35 కిలోమీటర్లా? నవ్వారు అందరూ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ కుర్రాడు, పీటర్ స్నెల్, 800 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. అదే రోజు లిడియార్డ్ ఇంకో శిష్యుడు ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లు గెలిచాడు. మూడో శిష్యుడు బారీ మగీకి మారథాన్‌లో కాంస్యం. స్నెల్ తర్వాత శరీర శాస్త్రం చదివి పరిశోధకుడయ్యాడు. తను చిన్నప్పుడు చేసిన ఆ ఆదివారం పరుగులు ఎందుకు పనిచేశాయో పెద్దయ్యాక తనే వెతుక్కున్నాడు. నాకు ఈ సంగతి భలే ఇష్టం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. "160 కిలోమీటర్లు" అనగానే మన కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. వద్దు. ఆ అంకె మనది కాదు. ఆ వరస మనది.

అవతలి వైపు చెకోస్లోవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ ఉన్నాడు. ఆయనది ఇంటర్వెల్స్ దారి. 400 మీటర్లు పరుగు, మధ్యలో 200 మీటర్లు జాగింగ్, మళ్లీ 400, ఒకేరోజు డజన్ల కొద్దీ. మిలిటరీ బూట్లు వేసుకుని కూడా పరుగెత్తేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5000, 10000 మీటర్లు గెలిచి, జీవితంలో మొదటిసారి మారథాన్‌లో నిలబడి అదీ గెలిచాడు. మరి ఈయన చెప్పేది లిడియార్డ్‌కి వ్యతిరేకం కాదా? పైకి అలా కనిపిస్తుంది. కానీ లెక్క తీస్తే జాటోపెక్ రోజుకి పరుగెత్తిన మొత్తం దూరం కూడా తక్కువేమీ కాదు. మనం ఆయన దగ్గర 400లు మాత్రం తీసుకుని, ఆ మొత్తం వదిలేస్తాం. అక్కడే దెబ్బతింటాం.

ఆ తర్వాత స్టీఫెన్ సీలర్ అనే శాస్త్రవేత్త, అమెరికాలో పుట్టి నార్వేలో స్థిరపడ్డాడు, పెద్ద పెద్ద క్రీడాకారుల ట్రైనింగ్ డైరీలు తిరగేశాడు. పడవ నడిపేవాళ్లు, మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు, రన్నర్లు. ఎవరి డైరీ చూసినా ఇంచుమించు ఒకటే లెక్క: పదిలో ఎనిమిది సెషన్లు తేలిక, రెండు కష్టం. ఎవరూ కూడబలుక్కుని చేసింది కాదు. వేర్వేరు దేశాలు, వేర్వేరు ఆటలు. ఏళ్ల తరబడి తప్పులు చేసి చేసి అందరూ ఒకేచోటికి చేరారు.

మరి మనం? మన పది సెషన్లూ నడిమివే. నా 5:40 అలాంటిదే. తేలిక అనుకుంటే తేలిక కాదు, ఒళ్లు అలసిపోతుంది. కష్టం అనుకుంటే కష్టమూ కాదు, కొత్తగా ఏమీ నేర్పదు. నడిమి వేగం విషమేమీ కాదండీ, దానికీ ఒక రోజుంది. రోజూ అదే అయితేనే చిక్కు. దానివల్ల జరిగే అసలు నష్టం ఏమిటో తెలుసా? కష్టపడాల్సిన రోజున కాళ్లు ఉండవు. మంగళవారం వేగంగా పరుగెత్తాలి, సోమవారమే సగం కాళ్లు ఖర్చు పెట్టేశారు. దాంతో మంగళవారమూ నడిమే అవుతుంది.

సరే, ఎంత నెమ్మది? మాట్లాడగలిగేంత. పక్కన మనిషి లేకపోతే మీకొచ్చిన పద్యమో పాటో రెండు పాదాలు గట్టిగా చెప్పుకోండి. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగారా, వేగం తగ్గించండి. నాకైతే 6:45 దగ్గరికి వెళ్తే గానీ పద్యం పూర్తికాలేదు. అదే 6 కిలోమీటర్లకి 40 నిమిషాలు! సిగ్గుతో చచ్చిపోయాను. తెలిసినవాళ్లు ఎదురైతే వాళ్లు చూస్తున్నంతసేపూ వేగం పెంచేవాణ్ణి. నవ్వకండి, మీరూ చేస్తారు. యాప్‌లో అందరికీ కనిపిస్తుందని చివరి కిలోమీటరు లాగేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తమనను లెండి.

ఎక్కుడు, అంటే ఎత్తు దారి, వస్తే నడవండి. ఎండ ఎక్కువుంటే ఇంకా తగ్గించండి, ఎందుకంటే ఎండలో రక్తం చర్మాన్ని చల్లబరచడానికీ వెళ్లాలి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీకి ఎండ తెలియదు.

ఇప్పుడు కష్టమైన రోజుల దగ్గరికి వద్దాం. నెమ్మదిగా పరుగెత్తితే చాలు అని నేను అనడం లేదు. అలా విని వెళ్లిపోతే ఆరు నెలల తర్వాత వచ్చి నన్ను తిడతారు.

మొదటిది థ్రెషోల్డ్ పరుగు. కొందరు టెంపో అంటారు. పోటీలో ఒక గంటసేపు నిలబెట్టుకోగల వేగం, దాని చుట్టుపక్కల. నాకప్పుడు అది 5:20. ఆ వేగం దాకా కండరాల్లో పుట్టే లాక్టేట్‌ను శరీరం ఎప్పటికప్పుడు వాడేసుకుంటుంది. అది దాటితే పోగవడం మొదలవుతుంది, ఇక గడియారం తిరగడం మొదలైనట్టే. లాక్టేట్ చెడ్డది కాదు, అది ఇంధనమే. కండరాలు, గుండె దాన్ని కాల్చుకుంటాయి. మరునాటి కాళ్ల నొప్పులకి కారణం అదే అని ఇప్పటికీ చెప్తుంటారు. అది నిజం కాదు, పరుగు ఆపిన గంటా రెండు గంటల్లో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

థ్రెషోల్డ్ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే అందరూ తప్పేది ఇక్కడే. మొదటి మూడు నిమిషాలు "ఇంతేనా?" అనిపించాలి. ఐదో నిమిషానికి ఊపిరి ఒక లయలో పడుతుంది. బలంగా ఉంటుంది, కానీ చెదరదు. ఎవరైనా ఏదైనా అడిగితే మూడు నాలుగు మాటల్లో జవాబు చెప్పగలరు, కథ చెప్పలేరు. భుజాలు వదులుగానే ఉంటాయి. పది నిమిషాలయ్యాక ఆపమంటే "ఇంకో ఐదు నిమిషాలు వెళ్లగలనే" అనిపించాలి. ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకోవడమే సెషన్. పళ్లు బిగుసుకున్నాయా, మెడ నరాలు లేచాయా, మీరు గీత దాటేశారు. అప్పుడు "అబ్బ, ఎంత బాగా చేశాను" అనిపిస్తుంది చూడండి, అది మోసం.

మొదట్లో 10 నిమిషాలు చొప్పున రెండుసార్లు, మధ్యలో రెండు నిమిషాల జాగింగ్. కొన్ని వారాలకి మూడుసార్లు. ముక్కలు చేయడం బలహీనత కాదు. ఇప్పుడు నార్వే వాళ్లు, ఇంగెబ్రిగ్‌ట్‌సన్ సోదరుల పేరు విన్నారు కదా, ఒకే రోజు ఉదయం ఒకటి సాయంత్రం ఒకటి థ్రెషోల్డ్ సెషన్లు చేస్తారు. మధ్యలో వేలికి సూది గుచ్చి రక్తంలో లాక్టేట్ చూసుకుంటారు. ఎందుకు? ఇంకా వేగంగా వెళ్లడానికి అనుకుంటున్నారా? కాదు! గీత దాటకుండా ఆపుకోవడానికి. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరుగెత్తేవాళ్లు తమని తాము నెమ్మదింపజేసుకోవడానికి సూది గుచ్చుకుంటున్నారు. మనం మాత్రం... సరే, వదిలేయండి. రోజుకి రెండుసార్లు చేయడం మనకొద్దు. ఆ ఆపుకోవడం చాలు.

రెండోది ఇంటర్వెల్స్. పైకప్పు ఎత్తడానికి. మూడు నుంచి ఐదు నిమిషాల పరుగు, దాదాపు అంతసేపే తేలిక జాగింగ్, నాలుగైదుసార్లు. మళ్లీ నోటుబుక్కు తీస్తాను. ఇది నా మొదటి 1000 మీటర్ల సెషన్. మొదటిది 4:40. రెండోది 4:44. మూడోది 4:52. నాలుగోది 5:05. ఐదోది 5:20, ఆ తర్వాత గడ్డి మీద పడుకున్నాను, పక్కన "సూపర్ సెషన్" అని రాసుకున్నాను. సూపర్! ఇందులో ఏం జరిగింది? మొదటి రెండూ పోటీలా పరుగెత్తాను, చివరి రెండింటికీ కాళ్లు లేవు. పైకప్పు దగ్గర గడపాల్సిన సమయంలో సగం కూలబడటంలో గడిచిపోయింది. రెండేళ్ల తర్వాతి పేజీ ఇది: ఐదూ 4:30 కి అటూ ఇటూ రెండు సెకన్లు. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు, ఎందుకంటే రాయడానికి ఏమీ జరగలేదు. ఇంటికెళ్లి మామూలుగా పని చేసుకున్నాను. అదండీ మంచి సెషన్. మొదటిది మరీ తేలికగా ఉందనిపించాలి, చివరిది అయ్యాక ఇంకొక్కటి చేయగలను అనిపించాలి. చేయకుండా ఇంటికెళ్లాలి.

మూడో సంగతి, పొదుపు. ఇక్కడ త్వరగా చెప్తాను. తేలిక పరుగు చివర్లో 15, 20 సెకన్ల స్ట్రైడ్స్, నాలుగు నుంచి ఆరు. ప్రాణం పెట్టి కాదు, వేగంగా, హాయిగా. మధ్యలో ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా నడవండి. వారానికి రెండుసార్లు. దీనంత తక్కువ ఖర్చుతో దీనంత లాభం ఇచ్చేది ఇంకోటి నాకు తెలియదు. చిన్న ఎక్కుడు దొరికితే ఇంకా మంచిది. ఎక్కుడు మీద మడమ, తుంటి అన్నీ తమంతట తామే సరిగ్గా పనిచేస్తాయి, ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక బరువులు. ఫిన్లాండ్‌లో పావొలైనెన్ బృందం 1999లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు రన్నర్ల శిక్షణలో కొంత పరుగు తీసేసి, దాని బదులు గెంతులు, చిన్న స్ప్రింట్లు, వేగంగా ఎత్తే బరువులు పెట్టారు. తొమ్మిది వారాలకి 5 కిలోమీటర్ల టైమ్ తగ్గింది, వీఓటూ మాక్స్ మాత్రం పెరగలేదు. అంటే ఇంజన్ అదే, మైలేజీ పెరిగింది. కాబట్టి వారానికి రెండుసార్లు అరగంట స్క్వాట్లు, పిక్కల కోసం మునివేళ్ల మీద లేవడం. కండలు పెరిగి బరువెక్కుతామేమో అని భయపడకండమ్మా, ఇంత పరుగెత్తేవాళ్లకి అంత తేలిగ్గా కండ రాదు.

లాంగ్ రన్ గురించి మీ అందరికీ తెలుసు, కాబట్టి ఒక్క మాట. మన కండరాల్లో, కాలేయంలో దాచుకునే గ్లైకోజన్, అంటే పిండిపదార్థం నిల్వ, దాదాపు 2000 క్యాలరీలకి సరిపోతుంది. పరుగుకి ఖర్చు, మీ బరువు ఎన్ని కిలోలో కిలోమీటరుకి సుమారు అన్ని క్యాలరీలు. 60 కిలోల మనిషికి మారథాన్ అంటే 2500. లెక్క సరిపోవడం లేదు కదా? 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు మొరాయించేది అందుకే. లాంగ్ రన్ చేసేకొద్దీ శరీరం కొవ్వుని ఎక్కువగా కాల్చడం నేర్చుకుంటుంది, గ్లైకోజన్ మిగులుతుంది. మిగతాది పోటీలో తినాలి, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, దానికి పొట్టని ముందే అలవాటు చేయాలి. పోటీ రోజున కొత్త జెల్ నోట్లో పెట్టుకున్నవాళ్లు ఏమయ్యారో... పెద్దలూ పిల్లలూ ఉన్నారు, వద్దులెండి.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా వెళ్తే అన్యాయం.

నెమ్మది పరుగు రుచి మరిగాక, వేగం వస్తోందని తెలిశాక, నాకు ఆశ పుట్టింది. వారానికి 40 కిలోమీటర్లు చేసేవాణ్ణి ఒక్క నెలలో 65కి వెళ్లాను. ఊపిరి బ్రహ్మాండంగా ఉంది. ఆయాసమే లేదు. అదే నన్ను ముంచింది. ముంగాలి ఎముక లోపలి అంచున ఒక చోట, బొటనవేలు పెట్టి నొక్కితే రూపాయి బిళ్లంత మేర, ప్రాణం లేచొచ్చేంత నొప్పి. మొదట పరుగు చివర వచ్చేది. తర్వాత మొదట్నుంచే. తర్వాత మెట్లు దిగుతుంటే. ఒకచోట చూపించుకున్నాను, ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, కండరం పట్టేసింది అన్నారు. నాకు కావాల్సిన మాట అదే, ఇంకో పది రోజులు పరుగెత్తాను. ఎముక మీద సన్నటి పగులు ఎక్స్‌రేలో మొదట్లో చాలాసార్లు కనపడదు. ఎంఆర్ఐలో కనపడింది. ఎనిమిది వారాలు పరుగు బంద్.

గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. స్నాయువులకి, ఎముకలకి నెలలు పడుతుంది. అంటే మీకు బాగా అనిపించడం మొదలైన రోజే మీ ఎముక ఇంకా వెనకబడి ఉన్న రోజు. వారానికి పది శాతమే పెంచాలి అని ఒక సూత్రం చెప్తారు, అదేమీ వేదవాక్కు కాదు. నేను ఇప్పుడు చేసేది ఇది: ఒక మెట్టు ఎక్కి మూడు వారాలు అక్కడే ఉంటాను, నాలుగో వారం కొంచెం తగ్గిస్తాను, ఆ తర్వాతే ఇంకో మెట్టు. వేలితో చూపించగలిగేంత ఒక్కచోట నొప్పి, నడిచినా తగ్గనిది, అది కండరం నొప్పి అనుకోవద్దు. ఆగండి. చూపించుకోండి. తేలకపోతే ఇంకోచోట చూపించుకోండి.

అమ్మాయిలకి ఒక మాట, వాళ్ల కోచ్‌లకి కూడా. శిక్షణ పెరిగి తిండి సరిపోక నెలసరి ఆగిపోతే "పరుగెత్తేవాళ్లకి మామూలే" అని కొట్టిపారేయొద్దు. అది శరీరం ఎర్రజెండా ఊపడం. ఎముకలు పలచబడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీనికి రెడ్-ఎస్ అని పేరుపెట్టి హెచ్చరిస్తోంది. మగపిల్లలకీ వస్తుంది, వాళ్లకి అంత స్పష్టమైన గుర్తు ఉండదు, అంతే.

విశ్రాంతి అనగానే ముఖం చిట్లించేవాళ్ల కోసం ఇంకో కథ. 1954 ఏప్రిల్. రోజర్ బానిస్టర్ వైద్య విద్యార్థి, ఖాళీ దొరికినప్పుడు ప్రాక్టీసు. 440 గజాలు పదిసార్లు, ఒక్కోటి 60 సెకన్లలో చేయాలని పట్టుదల. 61 దగ్గర ఆగిపోయింది. ఎంత తన్నుకున్నా 61. ఏం చేశాడు? స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లి కొన్ని రోజులు బండలెక్కాడు. పరుగు ఊసే లేదు. తిరిగొచ్చి మళ్లీ చేస్తే 59. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు 3 నిమిషాల 59.4 సెకన్లు. మైలు నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తిన మొదటి మనిషి ఆయనే. విశ్రాంతి తీసుకోమంటే బండలెక్కమని కాదు నా ఉద్దేశం! పోటీ ముందు రెండు వారాలు దూరం దాదాపు సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గించకండి. చాలామంది తిరగేసి చేస్తారు, దూరం అలాగే ఉంచి వేగం తగ్గిస్తారు, ఆపైన కాళ్లు మొద్దుబారాయంటారు.

వారం ఎలా ఉండాలి అని ముందు వరుసలో ఒక చీటీ ఇచ్చారు. వారానికి నాలుగు రోజులే కుదురుతుంది అన్నారు. చాలు. మంగళవారం కష్టం, ఒక వారం థ్రెషోల్డ్, ఒక వారం ఇంటర్వెల్స్. గురువారం తేలిక, చివర స్ట్రైడ్స్. శనివారం తేలిక, చిన్నది. ఆదివారం పొడుగు, తేలిక. పోటీ దగ్గరపడితే చివరి రెండు మూడు కిలోమీటర్లు కాస్త వేగం. ఐదో రోజు దొరికితే? తేలిక. ఆరో రోజు? అదీ తేలికే. రెండో కష్టమైన రోజు ఎప్పుడు పెట్టాలి అంటారా, మొదటిది మరునాటికి మీకు గుర్తులేకుండా పోయినప్పుడు.

ప్రశ్నలు తీసుకుంటాను. నిమిషానికి 180 అడుగులు పడాలట కదా అంటున్నారు. జాక్ డేనియల్స్ అనే కోచ్ 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో రన్నర్ల అడుగులు లెక్కపెట్టాడు, దాదాపు అందరివీ 180 పైనే. అది ఒలింపిక్ పోటీ వేగం బాబూ. మీరు 6:45లో వెళ్తూ 180 కోసం కోడిపిల్లలా అడుగులేయక్కర్లేదు. పాదం శరీరానికి మరీ ముందు పడుతుంటే మాత్రం ఐదు శాతం పెంచి చూడండి, మోకాలికి హాయిగా ఉంటుంది.

కార్బన్ ప్లేటు బూట్లా? పనిచేస్తాయి. ల్యాబులో కొలిస్తే మొదట వచ్చిన మోడల్ సగటున 4 శాతం శక్తి పొదుపు చూపించింది. ఆ 4 శాతం టైమ్‌లో 4 శాతం కాదు, అంతకంటే తక్కువే, మనిషిని బట్టి మారుతుంది. కొనుక్కోండి, పోటీకి వేసుకోండి. రోజూ వద్దు.

నా టైమ్ ఏమైందో చెప్పలేదు కదా. నెమ్మది మొదలుపెట్టిన 14 నెలలకి, మధ్యలో ఆ ఎనిమిది వారాలు పోగా, 10 కిలోమీటర్లు 47:20. నా ఒక్కడి లెక్క రుజువు కాదు. నోటుబుక్కు ఇక్కడే బల్ల మీద పెడతాను, చూసుకోవచ్చు.

చివర్లో ఇక్కడ ఒక పెద్దాయన చెయ్యెత్తారు, చాలాసేపట్నుంచి ఎత్తే ఉన్నారు, క్షమించండి. 58 ఏళ్లు, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమా అంటున్నారు. కెనడాలో ఎడ్ విట్‌లాక్ అని ఒకాయన. 2004లో, 73 ఏళ్ల వయసులో, టొరంటోలో మారథాన్ 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు. 85 ఏళ్లప్పుడు కూడా నాలుగు గంటల్లోపే. ఎలా ప్రాక్టీసు చేసేవాడో తెలుసా? ఇంటి దగ్గర్లో ఒక శ్మశానం ఉండేది. వాహనాలు రావు, ఎవరూ చూడరు. అందులో గుండ్రంగా, చాలా నెమ్మదిగా, రెండు గంటలు, మూడు గంటలు తిరుగుతూ ఉండేవాడు. వేగం కావాల్సినప్పుడు పోటీలకి వెళ్లేవాడు. మీకు శ్మశానం అక్కర్లేదు, ఎవరూ చూడని దారి ఒకటి చాలు. ముందు డాక్టరుకి ఒకసారి గుండె చూపించుకుని రండి. వచ్చిన రోజు 30 నిమిషాలు, పరుగూ నడకా కలిపి. నేనూ మీతో వస్తాను. పద్యం మీరే చెప్పాలి.